సాల్ట్ రివర్‌కి వెళ్దామనుకునేవాళ్ళకి

అందరికీ నమస్కారమండి. వేదిక మీది పెద్దలు ఏమనుకోకండి, నాకిచ్చింది పావుగంటే. కయాకింగ్, అంటే సన్నటి తెడ్డు పడవల్లో నది మీద వెళ్ళడం, ఆ ట్రిప్ ప్లానింగ్ గురించి చెప్పమన్నారు, స్లైడ్స్ కూడా తెచ్చా, కానీ ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి.

మొదటిసారి అరిజోనాలో సాల్ట్ రివర్‌కి వెళ్ళినప్పుడు ప్లానింగంతా నాదే. హెల్మెట్లు, నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే త్రో రోపులు రెండుసార్లు లెక్కపెట్టా, పొద్దున లేస్తూనే ఆ నదిలో ప్రవాహం కొలిచే క్రిసొటైల్ గేజ్‌లో ఎన్ని సీఎఫ్‌ఎస్ ఉందో చూసేవాణ్ణి, సీఎఫ్‌ఎస్ అంటే మన పేపర్లో ప్రాజెక్టుల వార్తల్లో వచ్చే క్యూసెక్కులే లెండి. మార్చి 1 నుంచి మే 15 దాకా ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ లాటరీలో రావాలి, అదీ తగిలింది. ఇంక మనకి తిరుగేముంది అనుకున్నా.

హైవే 60 బ్రిడ్జి దగ్గర పడవలు దించుతుంటే అక్కడి ఆదివాసీల, అదే అపాచీ ట్రైబ్ ఆఫీసర్ ఒకాయన వచ్చి పర్మిట్ అడిగాడు. దర్జాగా చూపించా. ఆయన మొత్తం చదివి, మడతపెట్టి నా చేతిలోనే పెట్టి, "ఇది కిందెక్కడో వచ్చే వైల్డర్‌నెస్‌కి, ఆ రక్షిత అడవికి. నువ్వు నిలబడ్డ నేల మాది" అన్నాడు. గొంతు కూడా పెంచలేదండి.

నిజమే కదా! నీళ్ళు పారే వైపు తిరిగి నిలబడితే కుడిగట్టు వైట్ మౌంటెన్ అపాచీలది, ఎడమగట్టు శాన్ కార్లోస్ అపాచీలది. మ్యాపులో ర్యాపిడ్స్, అంటే నీళ్ళు ఉరకలేసే చోట్లు, అన్నీ ఎర్రపెన్నుతో గుర్తుపెట్టుకున్నా, ఆ రెండు పేర్లు మాత్రం నా కంటికి ఆనలేదు. ట్రైబ్ పర్మిట్ తెచ్చుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండు, మా కోసం బండితో కాచుకున్న షటిల్ డ్రైవర్ మొహం చూడలేకపోయాం.

ఇంకోటి, దారిలో సాల్ట్ బ్యాంక్స్ వస్తాయి, ఉప్పునీటి ఊటలు కారే గట్టు. అపాచీలకి పవిత్రమైన చోటు, అక్కడ దిగకూడదు. మావాడొకడు "ఒక్క ఫోటో రా" అని గొడవ. మీ ఊరి గుళ్ళో గర్భగుడిలోకి ఫోటో కోసం దూరతావా అని అడిగితే నోరు మూసుకున్నాడు. ఇక్కడే ఉన్నాడు, చెయ్యెత్తడు.

నది మీద తిరిగే మనవాళ్ళేమీ తక్కువోళ్ళు కాదు. ఇంకా కింద క్వార్ట్‌జైట్ ఫాల్స్‌ని 1993లో, దాటడం ప్రమాదమని చెప్పి, కొందరు డైనమైట్ పెట్టి పేల్చేశారు. వాళ్ళూ మనలాగే నది పిచ్చోళ్ళే. కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి. పోయిన రాయిని ఎవరు తెస్తారు?

చీటీ వచ్చింది, టైమైపోయిందట. స్లైడ్స్ పోతే పోయాయి. ఈ సీజన్‌కి వెళ్ళేవాళ్ళు చేతులెత్తండి... ఏడుగురు. ట్రైబ్ పర్మిట్ తీసుకున్నవాళ్ళు చేతులు దించకండి.

ఇద్దరేనా? మిగతా ఐదుగురూ టీ దగ్గర నన్ను కలవండి.