పినోకియోను తరగతిలో వారానికో అధ్యాయం చదివితే: ప్రాథమిక పాఠశాల టీచర్ల కోసం రివ్యూ

నమస్కారం. ఈసారి రివ్యూకు తీసుకున్నది కొత్తగా వచ్చిన పుస్తకం కాదు. పేరు అందరికీ తెలుసు, మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లే తక్కువ: పినోకియో. అబద్ధమాడితే ముక్కు పెరిగే కొయ్యబొమ్మ అనగానే చాలామందికి 1940 నాటి డిస్నీ సినిమా గుర్తొస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. నేను చూడదలచుకున్నది ఒకటే సంగతి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చదవడం అలవాటు చేయడానికి ఈ నవల పనికొస్తుందా? పనికొస్తుంది, ఒక షరతు మీద. దీన్ని సీరియల్‌గానే చదవాలి. వారానికి ఒక అధ్యాయం. అది అయ్యాక, ఎవరెంత బతిమాలినా, పుస్తకం బీరువాలోకి వెళ్లిపోవాలి.

ఈ షరతు నా చాదస్తం కాదు, కథ పుట్టిందే అలా. 1881 జులై 7న రోమ్‌లో ఒక పిల్లల వారపత్రిక మొదలైంది. తొలి సంచికలోనే 'ఒక కొయ్యబొమ్మ కథ' అన్న పేరుతో ఈ సీరియల్ కూడా మొదలైంది. రాసినాయన కార్లో కొల్లోడి, ఫ్లోరెన్స్ నగరవాసి, అప్పటికి వయసు 54. పాత్రికేయుడు. బడి పుస్తకాలూ రాశాడు. రాతప్రతితో పాటు పంపిన చీటీలో ఆయన అన్నది ఇది: ఇదేదో పిల్లచేష్ట, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి, అచ్చు వేస్తే మాత్రం డబ్బు బాగా ఇవ్వండి, అప్పుడు కొనసాగించాలనిపిస్తుంది. గొప్ప బాలసాహిత్యం రాస్తున్నానన్న భ్రమ ఆయనకు బొత్తిగా లేదన్నమాట.

అక్టోబర్ 27 సంచికకు పదిహేనో అధ్యాయం వచ్చింది. దొంగలు పినోకియోను తరిమి పట్టుకుని పెద్ద ఓక్ చెట్టు కొమ్మకు ఉరి వేశారు. 'నాన్నా, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే' అన్నాడు, బిగుసుకుపోయాడు. కథ సమాప్తం. నిజంగానే అక్కడితో ముగించేశాడు కొల్లోడి. పత్రిక చదివే పిల్లలు ఊరుకోలేదు. బొమ్మ బతకాలని పట్టుబట్టారు. సంపాదకులు వెంటపడ్డారు. 1882 ఫిబ్రవరి 16న 'పినోకియో సాహసాలు' అన్న కొత్త పేరుతో కథ మళ్లీ మొదలై 1883 జనవరి 25న ముగిసింది. ఆ ఫిబ్రవరిలోనే ఫ్లోరెన్స్‌లో పుస్తకంగా వెలువడింది. మొత్తం 36 అధ్యాయాలు.

ఇక్కడ మన విద్యా సంవత్సరం ఒకసారి గుర్తు చేసుకోండి. జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. వారానికి ఒక అధ్యాయం చొప్పున పదిహేనో అధ్యాయం ఎప్పుడు వస్తుంది? సెప్టెంబర్ చివర, దసరా సెలవులకు కాస్త అటూ ఇటూగా. మిగిలిన 21 అధ్యాయాలు సెలవుల తర్వాత మొదలుపెడితే, సంక్రాంతి పోను, మార్చి ఆఖరుకు పూర్తవుతాయి. ఇటలీ పిల్లలు దాదాపు నాలుగు నెలలు ఎదురుచూశారు. మన పిల్లలకు పది పన్నెండు రోజులు. సెలవులకు ముందు రోజు బొమ్మను చెట్టుకు వేలాడదీసి ఇంటికి పంపడం అన్యాయం అనిపిస్తే పద్నాలుగు దగ్గర ఆపండి. నన్నడిగితే పదిహేను దగ్గరే ఆపాలంటాను. సెలవుల్లో చదువు ఊసెత్తని పిల్లలు కూడా ఆ చెట్టు గురించి మాట్లాడుకుంటారు. మూడో తరగతికైతే వద్దు. ఆ తరగతికి వాడేవారు ఆ వారం పదిహేను, పదహారు కలిపి చదివేయండి.

సీరియల్ చదువులో నాకు బాగా నచ్చినది జ్ఞాపకానికి దొరికే పని. ఒక ఉదాహరణ చూపిస్తాను. మూడో అధ్యాయంలో, బొమ్మను చెక్కిన ముసలాయన జెపెట్టో గది వర్ణన ఉంటుంది. పాత కుర్చీ, విరిగిపోయే మంచం, గోడకు ఒక పొయ్యి. పొయ్యిలో మంట. కానీ అది గోడ మీద వేసిన బొమ్మ. మంట పక్కన ఉడుకుతున్న కుండ, పైకి లేచే పొగ, అవీ బొమ్మలే. చదివేటప్పుడు పిల్లలు నవ్వి ముందుకు వెళ్లిపోతారు. రెండు వారాల తర్వాత ఐదో అధ్యాయం. పినోకియోకు నకనకలాడే ఆకలి. గదంతా వెతుకుతాడు. ఉడుకుతున్న కుండ కనిపిస్తుంది. మూత తీయబోతాడు. ఇక్కడ చదవడం ఆపి తరగతి వైపు చూడండి. ఎవరో ఒకరు, చాలాసార్లు ఎప్పుడూ నోరు విప్పని పిల్లే, 'టీచర్, అది గోడ మీద బొమ్మ కదా!' అని అరుస్తుంది. చదివి అర్థం చేసుకోవడం అంటే అదే. దానికి వేరే ప్రశ్నాపత్రం అక్కర్లేదు. ఒకే రోజు కూర్చుని చదివేస్తే ఆ కుండకు ఇంత బలం ఉండదు, మధ్యలో పద్నాలుగు రోజులు గడవడం వల్లే వచ్చింది.

ఎనిమిదో అధ్యాయంలో మరొకటి. బడికి వెళ్లాలంటే అక్షరాల పుస్తకం కావాలి. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. జెపెట్టో తన పాత కోటు తొడుక్కుని బయటికి పోతాడు. పుస్తకంతో తిరిగొస్తాడు, ఒంటి మీద చొక్కా మాత్రమే. బయట మంచు పడుతోంది. కోటేదీ అని బొమ్మ అడుగుతాడు. 'అమ్మేశాను. వేసుకుంటే ఉక్కపోస్తోంది' అంటాడు ముసలాయన. ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పకండి. 'అంటే ఆయన కొడుకు కోసం' అంటూ వివరణ మొదలుపెట్టే టీచర్లకు నా విన్నపం: దయచేసి నోరు కట్టేసుకోండి. మంచులో ఉక్కపోత ఏమిటన్నది పిల్లలే తేల్చుకోవాలి. ఆ మరుసటి వారం, అంటే తొమ్మిదో అధ్యాయంలో, వాడు ఆ పుస్తకాన్నే నాలుగు సోల్దీలకు (అప్పటి ఇటలీ చిల్లర నాణేలు) అమ్మేసి బొమ్మలాట చూడటానికి పోతాడు. తరగతిలో పుట్టే కోపం మామూలుగా ఉండదు.

ఇక ఎలా చదవాలి? వరుసగా లేపి ఒక్కొక్కరితో ఒక్కో పేరా చదివించే పద్ధతి మాత్రం వద్దు. నాలుగో బెంచీలో కూర్చున్న పిల్లను గమనించండి. ముందున్నవాళ్లను లెక్కపెట్టి, తన వంతు ఏ పేరా అవుతుందో వేలు పెట్టి చూసుకుని, లోపల్లోపల దాన్నే వల్లె వేసుకుంటూ ఉంటుంది. కథ ఒక్క ముక్క వినదు. తన వంతు అయిపోయాక అసలే వినదు. మొదటిసారి టీచరే చదవాలి, గొంతు మార్చి, తొందరపడకుండా. ఆ తర్వాత చివరి పేజీ ఒక్కటి కాపీలు తీసి ఇద్దరికొకటి ఇవ్వండి. ఏం జరిగిందో తెలిసిన పేజీ కాబట్టి తడబడే పిల్లలు కూడా ధైర్యంగా చదువుతారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి. ఆ వేగం ఇలాంటి రెండో, మూడో చదువులో దానంతటదే పెరుగుతుంది. వాచీ పట్టుకుని కూర్చోవలసిన చోటు ఇది కాదు.

అధ్యాయాల శీర్షికల దగ్గర జాగ్రత్త. పూర్తి అనువాదం వాడితే ప్రతి అధ్యాయం పైన పొడవాటి శీర్షిక ఉంటుంది. జరగబోయేదంతా అందులోనే చెప్పేస్తారు. పదిహేనో అధ్యాయం పైనైతే బొమ్మను ఉరి తీస్తారని అక్షరాలా ఉంటుంది! కాబట్టి శీర్షిక మీద కాగితం అంటించండి. అధ్యాయం అయ్యాక పిల్లలనే శీర్షిక రాయమనండి. ఆ తర్వాత కాగితం తీసి కొల్లోడి రాసినదాన్ని చూపించండి. సారాంశం రాయడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం నేను చూడలేదు. పిల్లల శీర్షికలే బాగుండే సందర్భాలూ వస్తాయి.

సెలవు పెట్టిన పిల్లల సంగతి? పత్తి తీతల రోజుల్లో, మిరప కోతల రోజుల్లో పల్లె బడుల్లో హాజరు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? సీరియల్‌కు ఇది పెద్ద చిక్కు. మన వారపత్రికలు దీనికి మందు ఎప్పుడో కనిపెట్టాయి: 'జరిగిన కథ'. ప్రతి వారం ఇద్దరు పిల్లలు ఐదారు వాక్యాల్లో జరిగిన కథ రాసి గోడకు అంటించాలి. బడికి రాని స్నేహితుడికి చెప్పడం కోసం రాస్తున్నారు కాబట్టి మార్కుల కోసం రాసినట్టు ఉండదు. పేర్లు తప్పు రాస్తే ఆ స్నేహితుడే వచ్చి గొడవ పడతాడు.

పంచుకుని చదవడానికి పదహారో అధ్యాయం బంగారం. కొమ్మకు వేలాడుతున్న బొమ్మను దింపించిన నీలి జుట్టు పాప ముగ్గురు వైద్యులను పిలిపిస్తుంది: కాకి, గుడ్లగూబ, మాట్లాడే కీచురాయి. కాకి నాడి చూసి అంటుంది, 'నా అభిప్రాయంలో బొమ్మ చచ్చిపోయాడు. ఖర్మ కాలి చావకపోతే మాత్రం, బతికున్నాడనడానికి అది ఖాయమైన గుర్తు.' గుడ్లగూబ అంటుంది, 'నా మాట వేరు. బొమ్మ బతికే ఉన్నాడు. ఖర్మ కాలి బతికి లేకపోతే మాత్రం, నిజంగా చచ్చిపోయాడనడానికి గుర్తు.' నాలుగో తరగతి పిల్లలు దీన్ని రెండోసారి, మూడోసారి అడిగి మరీ చదువుతారు, పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇద్దరూ చెప్పింది ఒకటేనా, వేరువేరా అని అడిగి చూడండి. పీరియడ్ అయిపోతుంది.

సీరియల్‌గా రాయడం వల్ల ఈ కథలో అతుకులు ఉన్నాయి. వాటినీ వాడుకోవచ్చు. పదిహేనో అధ్యాయంలో ఆ నీలి జుట్టు పాప కిటికీలో కనిపించి, ఇంట్లో అందరూ చచ్చిపోయారు, నేనూ చచ్చిపోయాను, శవపేటిక కోసం చూస్తున్నాను అంటుంది. మరుసటి అధ్యాయంలో ఆమె వెయ్యేళ్లకు పైగా ఆ అడవి దగ్గర ఉంటున్న దేవకన్య అయిపోతుంది. కీచురాయిని నాలుగో అధ్యాయంలోనే బొమ్మ సుత్తి విసిరి చంపేస్తాడు. అది దయ్యంగా ఒకసారి వస్తుంది, వైద్యుడిగా మళ్లీ వస్తుంది, చివరి అధ్యాయంలో కులాసాగా కనిపిస్తుంది! పిల్లలు ఇవి పట్టుకుంటే 'కథ కదా, వదిలేయ్' అనకండి. రచయిత ఒకసారి కథ ముగించి, మళ్లీ మొదలుపెట్టాడన్న చరిత్ర అప్పుడు చెప్పండి. పుస్తకాలు మనుషులే రాస్తారని, తడుముకుంటూ రాస్తారని తెలియడం కూడా చదువులో భాగమే.

లోపాల మాట. నడుమ కథ సాగుతుంది. తప్పు చేయడం, ఏడవడం, ఇక బుద్ధిగా ఉంటానని ఒట్టు పెట్టడం, మళ్లీ తప్పు చేయడం. ఇరవై నాలుగు, ఇరవై అయిదు అధ్యాయాల్లో ఉపదేశం మరీ ఎక్కువ. పనిచేయనివాడు అడుక్కుతింటాడన్న ధోరణి నాకు రుచించలేదు, అవి టీచర్ రెండు నిమిషాల్లో నోటితో చెప్పేసి దాటిపోవచ్చు. ప్రతి భాగం తర్వాత 'ఇందులో నీతి ఏమిటి?' అని అడిగే అలవాటుంటే ఈ పుస్తకం జోలికి పోకపోవడమే మంచిది. నీతి చెప్పే పని ఇందులో పాత్రలు ఎలాగూ చేస్తున్నాయి, వాటిలో ఒకదానికి సుత్తి దెబ్బ తగిలింది కూడా.

కొల్లోడి తన మీద తాను వేసుకున్న చురక ఒకటుంది, ఇరవై ఏడో అధ్యాయంలో. సముద్రపు ఒడ్డున బడి పిల్లలు కొట్టుకుంటారు, పుస్తకాలు విసురుకుంటారు. నీళ్లలో పడినవాటిలో కొల్లోడి స్వయంగా రాసిన బడి పుస్తకాలూ ఉంటాయి. చేపలు ఏదో తిండి అనుకుని గుంపుగా వస్తాయి, ఒక పేజీ కొరికి, మూతి వంకర పెట్టి ఉమ్మేస్తాయి. ఇంతకన్నా మంచి తిండే మేం తింటాం అన్నట్టు! ఇటలీలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు చదువు తప్పనిసరి చేసిన చట్టం 1877లో వచ్చింది. కొల్లోడి బడి పుస్తకాలూ ఆ రోజులవే. పాఠ్యపుస్తకం రాసిన చెయ్యే దాన్ని చేపలకు వేసింది. ఈ అధ్యాయం చదివేటప్పుడు మీ ముఖం గంభీరంగా ఉంటే పిల్లలు నవ్వడానికి జంకుతారు. మీరే ముందు నవ్వండి.

ఏ ప్రతి కొనాలి? పది పేజీల రంగుల బొమ్మల పుస్తకం వద్దు, అందులో సీరియలే లేదు. తిమింగలం కనిపిస్తే అది సినిమా కథ అని గుర్తు. పుస్తకంలో ఉన్నది సొరచేప, తోక కలపకుండా కిలోమీటరుకు పైగా పొడవు, పైగా దానికి ఉబ్బసం. పూర్తి తెలుగు అనువాదం అందకపోతే, ఇంగ్లిష్ ప్రతి దగ్గర పెట్టుకుని మీ మాటల్లో చెప్పి, చివరి పేజీ మాత్రం మీరే తెలుగులో రాసి కాపీలు తీయండి. రచయిత 1890లోనే పోయాడు, మూల కథకు కాపీహక్కుల బెడద లేదు.

ఇంత దూరం ఇటలీకి ఎందుకు, మన సీరియళ్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. 1947 జులైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసి లోయ, పాతాళ దుర్గం ఇదే పనికి పనికొస్తాయి. మాంత్రికులు, కత్తియుద్ధాలు ఎక్కువ, కాబట్టి ఐదో తరగతికే. పినోకియోలా ఇంటి ఆకలి, బడి ఎగవేత వాటిలో ఉండవు. ఒక విషయంలో మాత్రం అవే మేలు: ఎక్కడ ఆపాలో మీరు వెతుక్కోనక్కర్లేదు, ప్రతి భాగం చివర సుబ్రహ్మణ్యం గారే ఆపి పెట్టారు.