మారేడుమిల్లిలో టెంటు, పలుకు అన్నం

తమ్ముడు: నమస్కారం. పోయినవారం చెప్పినట్టే ఈసారి కుటుంబంతో కొండల్లో క్యాంపింగ్. శని, ఆదివారాలు అందరం మారేడుమిల్లి వెళ్లివచ్చాం. ఏ కాలంలో వెళ్లాలి, ఏమేమి సర్దుకోవాలి, పిల్లలతో ఎలా నెగ్గుకురావాలి, అన్నీ వరసగా చెప్పుకుందాం. కాగితం మీద రాసుకుని మరీ వచ్చాను.

అక్క: నువ్వు కాగితం తెచ్చావంటే రెండో లైను దాటవని వినేవాళ్లకు తెలుసు.

తమ్ముడు: బావగారు కూడా ఉన్నారు. మైకుకు కొంచెం ఎడంగా కూర్చోబెట్టాం.

బావగారు: నేనసలు నోరు విప్పను. మీరు కానివ్వండి.

అక్క: ఇంతకుముందు మైకు ముందు కూర్చున్నప్పుడూ ఇదే మాట.

(నవ్వులు)

తమ్ముడు: మొదటిది దారి. అమలాపురం నుంచి రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం, ఆ తరువాత మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. గోకవరం దాటాక...

బావగారు: రావులపాలెంలో హైవే ఎక్కడం దేనికయ్యా? ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా వెళితే గోదావరి బ్యారేజీ దాటి ధవళేశ్వరంలో తేలతాం. బ్యారేజీలో రెండు భాగాలు, ర్యాలి ఆర్మ్, ధవళేశ్వరం ఆర్మ్, రెండూ పిల్లలకు చూపించవచ్చు.

అక్క: వచ్చేశారు కాటన్ దొరగారు.

బావగారు: కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 కల్లా గోదావరి మీద ఆనకట్ట కట్టేశాడు. అది చూడకుండా కొండ ఎక్కితే ఏం లాభం?

తమ్ముడు: దారి అయింది. రెండోది వంట.

అక్క: ఆగు. వంట సంగతి నేను చెబుతాను. వీడు, నా సొంత తమ్ముడు, "ఆడవాళ్లందరూ కూర్చోండి, ఇవాళ అన్నం నేను వండుతాను" అన్నాడు. పొయ్యిరాళ్లు పేర్చాడు, మంట పెట్టాడు, ఫొటోలు దిగాడు. గంటన్నర తరువాత విస్తట్లో పడింది అడుగున మాడు, పైన పలుకు. మధ్యలో ఏదైనా ఉంటే అది మా పెద్దవాడు తిన్నాడు.

తమ్ముడు: అది నా తప్పు కాదు. ఎత్తు. కొండ మీద నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. నువ్వే కదా కాలేజీలో పిల్లలకు చెబుతావు?

అక్క: చెబుతాను. 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది అని కూడా చెబుతాను. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. నీ మరదలు అక్కడే కదా ఉంటోంది? రోజూ పచ్చి బియ్యం నములుతోందా?

తమ్ముడు: వాళ్లింట్లో కుక్కరు ఉంది.

అక్క: కుక్కర్లు రాకముందు బెంగళూరులో అన్నమే లేదా?

బావగారు: (దూరం నుంచి) ఇది మంచి ప్రశ్న.

అక్క: బియ్యంలో ఉండే పిండి పదార్థం 80 డిగ్రీల లోపే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. దానికి 100 అక్కరలేదు. మూడు డిగ్రీలు తగ్గితే నాలుగు నిమిషాలు ఎక్కువసేపు ఉంచుకోవాలి, అంతే. నువ్వు లేహ్‌లో వండి ఉంటే ఒప్పుకునేదాన్ని. అక్కడ 3,500 మీటర్లు, నీళ్లు 88 దగ్గరే మరిగిపోతాయి. మారేడుమిల్లికి అరకు అంత ఎత్తు కూడా లేదురా.

తమ్ముడు: సరే, ఎత్తు కాకపోతే బియ్యం. బియ్యం నేను తేలేదు. బావగారి మూటలోవి.

బావగారు: నా బియ్యాన్ని అనవద్దు. అవి స్వర్ణ. మార్టేరు పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను కలిపి పుట్టించిన రకం, ఎంటీయూ 7029. విడుదలైంది 1982లో. ధవళేశ్వరం కొత్త బ్యారేజీ పూర్తయింది కూడా 1982లోనే, గమనించావా?

అక్క: గమనించాం. పెళ్లయిన దగ్గర నుంచీ గమనిస్తూనే ఉన్నాం.

బావగారు: ఎంటీయూ 1010 తీసుకో. దాని పేరే కాటన్ దొర సన్నాలు. నేను పెట్టానా ఆ పేరు?

తమ్ముడు: బావగారూ, నా ప్రశ్న ఒక్కటే. అవి పాత బియ్యమా, కొత్త బియ్యమా?

బావగారు: పోయినేటి బియ్యం. బాగా మాగాయి.

తమ్ముడు: చూశావా అక్కా! పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పట్టాలి. నాకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. ఇంట్లో కొత్త బియ్యానికి పోసే కొలతే పోశాను.

అక్క: కొలత తక్కువైనా వార్చుకునే వంటయితే సర్దుకునేది. నీళ్లు దండిగా పోసి, మెతుకు పట్టి చూసి, గంజి వార్చేస్తే పాత బియ్యమైనా కొత్త బియ్యమైనా ఒకటే. నువ్వు కొలిచిన నీళ్లే పోసి, వార్చే పని లేకుండా అత్తెసరు పెట్టావు. కట్టెల పొయ్యి మీద, పలచటి సిల్వరు గిన్నెలో, మూత లేకుండా, గాలికి ఎదురుగా అత్తెసరు! ఎసరంతా ఆవిరైపోయింది, బియ్యానికి ఏం మిగిలింది?

తమ్ముడు: వార్చడానికి గిన్నె మీద మూసే సిబ్బి ఏది? సిబ్బి ఇంట్లో మరిచిపోయారు. ఎవరు మరిచారో నేను చెప్పను.

అక్క: చెప్పు. సామాను రాసింది నువ్వు. ఆ కాగితం మీద సిబ్బి ఉందా?

తమ్ముడు: ఈ కాలంలో సిబ్బి అని ఎవరైనా రాస్తారా? అది వంటసామానుతోపాటు తనంతట తానే వస్తుందనుకుంటారు.

(నవ్వులు)

అక్క: పైగా ఎసరు మరగకముందే బియ్యం పోశావు. నేను చూశాను.

తమ్ముడు: మరిగింది. బుడగలు వచ్చాయి.

అక్క: అడుగున సన్న బుడగలు వస్తే మరిగినట్టా? కట్టెలేమో మంచుకు తడిసి ఉన్నాయి. మంట కన్నా పొగే ఎక్కువ.

తమ్ముడు: తడి కట్టెలతో ఎవరికీ అన్నం ఉడకదు, వదిలెయ్.

అక్క: అమ్మకు ఉడికింది.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడరు)

అక్క: అమ్మను రమ్మని ఎంత బతిమాలామో తెలుసు కదా. ఏమంది? "డబ్బు కట్టి మరీ టార్పాలిన్ కింద పడుకుంటారా? నేను పడుకున్నది చాలు" అంది.

తమ్ముడు: 1986 గోదావరి వరద.

అక్క: నీకు గుర్తుండదు, చంటిపిల్లాడివి. ఆగస్టులో. గోదావరి పాయల మధ్య లంకలో మన ఇల్లు మునిగితే ఏటిగట్టు మీదికి వచ్చేశాం. మనుషులు, గేదెలు, కోళ్లు అన్నీ ఆ గట్టు మీదే. ఒకవైపు గోదావరి, ఇంకోవైపు పొలాలు నిండిన నీళ్లు. గట్టు ఎక్కడ తెగుతుందోనని మగవాళ్లు రాత్రంతా లాంతర్లు పట్టుకుని తిరిగేవారు. అమ్మ ఆ వానలో, తడిసిన కొబ్బరి మట్టలు పెట్టి, పది పన్నెండు మందికి అన్నం వండింది. మట్ట అంటుకునేదాకా ఊదుతూనే ఉండేది. ఎసరు తెర్లితేనే బియ్యం పోసేది. పలుకన్న మాట లేదు. పప్పులేదు, కూరలేదు, గంజిలో ఉప్పు వేసి ఇచ్చేది పిల్లలకు.

బావగారు: 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి అప్పుడు ధవళేశ్వరం దగ్గర. మూడో ప్రమాద హెచ్చరికే నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే ఇస్తారు, అంటే 17 లక్షల క్యూసెక్కులు దాటితే. దానికి రెట్టింపు వచ్చింది.

తమ్ముడు: ఈసారి మిమ్మల్ని ఆపం బావగారూ, చెప్పండి.

బావగారు: చెప్పడానికేముంది? ఆ నీళ్లన్నీ మీరు టెంటు వేసుకున్న కొండల పక్క నుంచే దిగాయి. పాపికొండల సందులోంచి రావాలి కదా అంత ఏరూ. అత్తయ్యగారు రాననడంలో తప్పేమీ లేదు.

అక్క: తప్పని ఎవరన్నారు? వస్తే బాగుండేదని.

తమ్ముడు: వస్తే అన్నం ఉడికేది.

అక్క: అదీ, ఇప్పుడు ఒప్పుకున్నాడు!

తమ్ముడు: ఏమీ ఒప్పుకోలేదు. ఎత్తు వల్లే. సరే, మనకు సమయం లేదు, కాగితంలో మిగిలినవి గబగబా చదివేస్తాను. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. రాత్రి చలి గట్టిగా ఉంటుంది, మన పలచటి దుప్పట్లు పనికిరావు. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమతెర తప్పనిసరి. టార్చిలైటు, మందులు, తాడు. ఘాట్‌లో చాలాచోట్ల ఫోనుకు సిగ్నలు ఉండదు, ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి. జలతరంగిణి, అమృతధార జలపాతాలు చూడండి.

అక్క: వాగు సంగతి చెప్పు, అది ముఖ్యం.

తమ్ముడు: అవును. ఇసుక మెత్తగా ఉందని వాగు ఒడ్డున టెంటు వేయవద్దు. మన దగ్గర చినుకు పడకపోయినా పైన కొండల్లో వాన కురిస్తే చాలు, వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. నిప్పు కూడా అటవీశాఖ వాళ్లు చూపించిన చోటే రాజేయాలి. ఎండాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే...

అక్క: విస్తరాకులు, సీసాలు వెనక్కి పట్టుకురండి. జలతరంగిణి దగ్గర ఆ ప్లాస్టిక్ పళ్లేలు చూస్తే నాకు ఒళ్లు మండింది. కింద నుంచి వెళ్లిన మనవాళ్లు పారేసినవే అన్నీ. అక్కడి గిరిజనులు, కొండరెడ్ల ఊళ్లలో వాకిళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూశాం కదా.

తమ్ముడు: చూశాం. వాళ్ల దగ్గరే కదా చివరికి కడుపు నింపుకున్నది. బొంగు చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె లేదు, నీళ్లు పోయరు. వెదురులో ఉన్న తడికే ఉడికిపోతుంది.

అక్క: ఆ ఎత్తులోనే.

తమ్ముడు: ఏమిటి?

అక్క: ఏమీ లేదు. అదే ఎత్తులో, అదే చలిలో, ముప్పావు గంటలో, మెత్తగా. ఏ కొండ వాళ్లకు అడ్డం రాలేదు.

(నవ్వులు)

తమ్ముడు: మాంసం వేరు, బియ్యం వేరు.

బావగారు: వెదురంటే గుర్తొచ్చింది. పూర్వం ఆ కొండల్లో నరికిన వెదురును తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రికి చేరేది. అక్కడి నుంచి లాకులు దాటించి కాలువల్లోకి. అసలు మీరు మారేడుమిల్లికి కారులో వెళ్లారు కానీ, కాలువలు బాగున్న రోజుల్లో కాకినాడలో పడవ ఎక్కితే ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ...

అక్క: నోరు విప్పనన్నారు.

బావగారు: ...మీదుగా మద్రాసు దాకా పడవలోనే. దిగే పనే లేదు. వచ్చే వారం దాని మీద చేద్దాం.

తమ్ముడు: వచ్చే వారం ఆవకాయ అని చెప్పేశాం.

బావగారు: ఆవకాయ జాడీలు కూడా పడవల మీదే కదా...

అక్క: ఏమండీ, కొబ్బరికాయల దింపు వాళ్లు వచ్చినట్టున్నారు. గేటు తీయండి.

బావగారు: ఒక్క నిమిషం. కాకినాడలో ఎక్కితే మొదటి లాకు...

అక్క: ముందు గేటు. ఒరేయ్, ఆ మూల చెట్టు ఎక్కేస్తున్నాడు చూడు. నీ స్కూటరు దాని కిందే పెట్టావు!

తమ్ముడు: అయ్యో! బాబూ, ఆగు, కాయ కొట్టకు! అక్కా, ఇది ఆపెయ్, ఎర్ర బటను, ఎర్రది...