కోట చూశారు సరే, ఎక్కడ తిన్నారు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండలో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా చదవమని నాకో చీటీ ఇచ్చారు. చదివితే నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో ఐదు అక్కడే అయిపోతాయి. మన్నించాలి, చీటీ జేబులో పెట్టుకుంటున్నా.

నాకిచ్చిన విషయం వరంగల్ పాత పేటలు, అక్కడి తిండి. చరిత్ర భాగం తొందరగా ముగిస్తాను. 1163 నాటి వేయిస్తంభాల గుడి, కోటలో నాలుగు కీర్తి తోరణాలు, 1323లో తుగ్లక్ సేనకు ఓరుగల్లు చిక్కడం, ఊరి పేరు సుల్తాన్‌పూర్ కావడం, ఇవన్నీ మీ ఇంట్లో ఆరో తరగతి పిల్ల కూడా చెప్తుంది. రాజ్యాలు వచ్చాయి, పోయాయి. వాటి వెంట వచ్చిన మనుషులు మాత్రం పోలేదు, పేటల్లో సర్దుకున్నారు. నేను మాట్లాడాలనుకున్నది వాళ్ల పొయ్యిల గురించి.

ముందు నా కడుపుమంట ఒకటి చెప్పుకోనివ్వండి. ఈమధ్య ఒక హెరిటేజ్ వాక్‌కు నన్నూ పిలిచారు. ఎవరు పిలిచారో చెప్పను. పొద్దున్నే కోటలో మొదలుపెట్టాం. తొమ్మిదయ్యేసరికి అందరికీ ఆకలి. ఇక మండిబజార్ వైపు నడిపిద్దామని నేను గొంతు సవరించుకుంటుండగానే బస్సులోంచి అట్టపెట్టెలు దిగాయి. రెండు శాండ్‌విచ్‌లు, ఒక చిప్స్ ప్యాకెట్, ఒక జ్యూస్. హైదరాబాద్ నుంచి తెప్పించారట! ఇదేంటి బాబూ అంటే, 'బయటి తిండి అంటే టెన్షన్ సార్' అన్నాడు ఆ అబ్బాయి. కాకతీయుల తోరణం కింద నిలబడి చిప్స్ నమిలాం. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

సరే, నేతపనివాళ్ల పేట కొత్తవాడ పోదాం. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే ఈ ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం చప్పట్లు కొట్టాం. ఆ మగ్గాల పక్కన ఏం వండుకుంటారో ఎవరైనా అడిగారా? సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, పచ్చిమిర్చి, ఉల్లాకు కలిపి, గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద వదిలేస్తారు. వదిలేస్తారు అన్నమాట గమనించండి. దగ్గర నిలబడి తిప్పే పని లేదు. ఆ ఇల్లాలు అటు కండెలు చుట్టుకుంటుంది, ఇటు పిండి కాలుతుంది. కూలి పోకుండా కడుపు నిండే వంట అది. పని దొరక్క మహారాష్ట్రలోని భివండి, షోలాపూర్ పోయి తిరిగొచ్చిన కుటుంబాలు ఆ వాడలో ఉన్నాయి. ఆ ఇళ్లలో పొద్దున సర్వపిండి బదులు పోహా దొరికినా ఆశ్చర్యపోకండి.

ఇక్కడి నుంచి మండిబజార్, రంజాన్ హలీం గురించి చెప్పాలని రాసుకొచ్చాను. గోధుమ, మాంసం, పప్పు గంటలకొద్దీ ఉడికించి దంచుతారు, సాయంత్రం క్యూలో ఉపవాసం ఉన్నవాళ్లూ ఉంటారు, లేనివాళ్లూ ఉంటారు. అది మీకు తెలిసిందే. దాన్ని వదిలేసి మా నాన్న సంగతి చెప్తాను. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. అయినా చెప్తాను.

ఆజంజాహి బట్టల మిల్లు 1934లో పెట్టారు. నిజాం పెద్దకొడుకు ఆజంజా పేరు మీద. మా నాన్న అందులో పనిచేశాడు. అమ్మ కట్టిచ్చే గిన్నెలో అన్నం, పచ్చిపులుసు, పండుమిర్చి తొక్కు. పక్క మగ్గం మీది ఆయన్ని మేం చిచ్చా అనేవాళ్లం. ఆయన గిన్నెలో బగారా అన్నం, ఖట్టీ దాల్. మా నాన్న ఇంట్లో పచ్చిపులుసు బాగాలేదని అమ్మతో గొడవపడేవాడు. మిల్లులో అదే పచ్చిపులుసు చిచ్చా తాగేవాడట, ఈయన ఖట్టీ దాల్ తినేవాడట. ఈ మార్పిడి మా అమ్మకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆమె కోపం ఇంకా ఎక్కువైంది, అది వేరే కథ.

పీర్ల పండక్కి చిచ్చా ఇంటి నుంచి మలీద వచ్చేది. రొట్టెలు నలిపి, బెల్లం కలిపి. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ చేసి, చెరువుగట్టున పంచిపెట్టేదీ మలీద ముద్దలే. వాళ్లది తిని మాది, మాది తిని వాళ్లది, పిల్లలం పోటీలు పెట్టేవాళ్లం. చిచ్చా ఇంటిదే బాగుండేదని ఈ సభలో ఒప్పుకుంటున్నా. మా అమ్మ ఇప్పుడు వినదు.

పర్వతగిరి దగ్గర అన్నారం దర్గా తెలుసు కదా? యాకూబ్ షావలి దర్గా. మొక్కుకున్నవాళ్లు మేకను తోలుకుపోయి, ఫాతెహా చదివించి, అక్కడే వండి బంధువులకు పెడతారు, కందూరు. ఆయన పేరు పెట్టుకున్న యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి, ఈ సభలోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. అదిగో, చూశారా! వెనక వరుసలో ఆ అమ్మ కూడా. మా తమ్ముడు యాకయ్యే. మన ఊళ్లోనే ఉర్సు అనే పేటలో దర్గా ఉంది, అదే ఉర్సు దగ్గర రంగలీల మైదానంలో దసరాకు రావణవధ చేస్తాం. మొక్కులూ పండగలూ ఇట్లా ఒకే వీధిలో ఇరుక్కుని ఉన్న ఊరు మనది. ఆ వీధిని బస్సు అద్దంలోంచి చూపిస్తే ఎట్లా?

మిల్లు పోయింది, ఆ భూమి ప్లాట్లయింది. దాని గురించి ఏడ్చి లాభం లేదు. ఉన్నవాటి గురించి అడుగుతున్నాను. రోడ్డు అందం పేరుతో మిర్చి బజ్జీ బండ్లను, రొట్టెలు కాల్చే అవ్వలను లేపేసి, తర్వాత ఫుడ్ స్ట్రీట్ అని రంగుబోర్డు పెడతారు. ఆ బోర్డు కింద అద్దె కట్టి నిలబడగలిగేది ఎవరు? చపాటా మిర్చికి 2025లో జీఐ వచ్చింది. ఆ మిర్చితో తొక్కు నూరే చేతులకు నిలబడే చోటు కావాలి. అధికారులు ఎవరైనా ఉంటే రాసుకోండి.

అయిపోయింది, అధ్యక్షా. ఒక్క ప్రకటన చేసి కూర్చుంటాను. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి కొత్తవాడలో కలుద్దాం. అక్కడి నుంచి మండిబజార్ దాకా నడక. ఎవరూ టిఫిన్ చేసి రావద్దు. చిల్లర తెచ్చుకోండి, రొట్టెలమ్మే అవ్వ దగ్గర ఫోన్‌పే లేదు.