మొలలే అనుకున్నాం

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నేను చెప్పబోయేది పెద్దపేగుకి, దాని చివరి భాగమైన పురీషనాళానికి వచ్చే క్యాన్సర్ గురించి. భోజనాల వేళ మాట్లాడుకునే సంగతి కాదు. ఎవరైనా అన్నం తింటూ వింటుంటే కాసేపు రేడియో కట్టేయండి, నేనేమీ అనుకోను. ఎందుకంటే మలం, రక్తం అనే మాటలు చాలాసార్లు వస్తాయి. ఈ మాటలు పలకడానికి మొహమాటపడే కదా ఇంతదాకా తెచ్చుకుంటున్నాం.

నేను పాతికేళ్లుగా పొట్ట, పేగుల ఆపరేషన్లు చేస్తున్నాను. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక ట్యాక్సీ డ్రైవరు వచ్చాడు. 31 ఏళ్లు, పెళ్లయింది, చిన్న పాప. ఎవరో పోల్చుకోకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. ఎనిమిది నెలలుగా అతనికి మోషన్‌లో రక్తం పడుతోంది. మొదట వాళ్లమ్మతో చెప్పాడు. "వేడి చేసిందిరా. ఎండలో బండి నడుపుతావు, వేళకి తినవు" అని ఆవిడ సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ, సగ్గుబియ్యం జావ పట్టించింది. నాలుగు రోజులు రక్తం ఆగింది.

చిక్కంతా ఆ ఆగడంలోనే ఉంది. కణితి నుంచి రక్తం రోజూ ఒకేలా కారదు. కొన్నాళ్లు పడుతుంది, కొన్నాళ్లు మానేస్తుంది. మానేసినప్పుడు అంతకుముందు రోజు ఏది తాగితే అదే పనిచేసిందనుకుంటాం. అలా మజ్జిగకి పేరొచ్చింది. తర్వాత మెడికల్ షాపువాడు ఇచ్చిన ఆయింట్‌మెంటుకి పేరొచ్చింది. ఆ తర్వాత, మన ఊళ్లలో బస్టాండు పక్కన ఉంటాయే, ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేస్తామని 'కలకత్తా డాక్టర్' బోర్డులు, అక్కడ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. చివరికి ఒక పెద్దాసుపత్రి ఓపీకీ వెళ్లాడు.

ఆ చీటీలన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చాడు. నాలుగు ఉన్నాయి. నాలుగింటి మీదా పైల్స్ అనే రాసి ఉంది. "ఎవరైనా లోపల వేలు పెట్టి చూశారా బాబూ?" అని అడిగాను. "లేదు సార్, అడిగి రాశారు" అన్నాడు.

ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు పొట్టకి ముడుచుకుని పడుకోమన్నాను. గ్లవ్ వేసుకుని, కాస్త జెల్లీ రాసుకుని చూశాను. లోపలి గోడ మామూలుగా మన బుగ్గ లోపలి వైపులా మెత్తగా, జారుడుగా ఉంటుంది. ఇతనికి రెండంగుళాలు దాటేసరికి వేలికి అంచులు లేచిన గట్టి పుండు తగిలింది, ఎండిన రేగుపండుని తడిమినట్టు. గ్లవ్ బయటికి తీస్తే రక్తం, బంక. మొత్తం ఒక నిమిషం పట్టలేదు. ఆ నిమిషం కోసం అతను ఎనిమిది నెలలు నలుగురి చుట్టూ తిరిగాడు. తప్పు వాళ్లమ్మది మాత్రం కాదు. చదువుకుని చీటీ రాసిన మా వాళ్ల మీదే నాకు కోపం.

ఒక్క మాట ముందే చెప్పాలి, లేకపోతే ఈ రాత్రి చాలామందికి నిద్ర పట్టదు. రక్తం పడే కుర్రవాళ్లలో ఎక్కువమందికి నిజంగానే మొలలో, మలద్వారం దగ్గర చీలికో ఉంటుంది. మొలల రక్తం సాధారణంగా ఎర్రగా, విడిగా, చివర్లో చుక్కలు చుక్కలుగా పడుతుంది, నొప్పుండదు. చీలికైతే కారం రాసినట్టు మంట. క్యాన్సర్‌లో రక్తం మలంలో కలిసి రావచ్చు, బంకతో రావచ్చు. వెళ్లొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయిందని పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. అలవాటు మారిపోతుంది, రోజుకి ఒకసారి వెళ్లే మనిషి అయిదుసార్లు వెళతాడు. అయితే ఈ తేడాలు చూసుకుని ఇంట్లోనే తీర్పు చెప్పేసుకోకండి. పెద్దపేగు చివరి భాగంలో కణితి ఉంటే రక్తం అచ్చం మొలల రక్తంలాగే ఎర్రగా పడొచ్చు. మొలలూ కణితీ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా. మొలలున్నాయని తేలినంత మాత్రాన పైన ఇంకేమీ లేదని కాదు.

ఈ జబ్బు ముసలివాళ్లదని మేం చదువుకున్నాం. ఇప్పుడు అలా లేదు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ 50 ఏళ్లలోపు మగవాళ్ల క్యాన్సర్ మరణాల్లో ఇదే మొదటి స్థానంలో ఉంది, ఆడవాళ్లలో రెండో స్థానం. 1990ల చివర్లో ఇద్దరిలోనూ నాలుగో స్థానంలో ఉండేది. 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లతో పోలిస్తే, 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకి అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పురీషనాళం క్యాన్సర్ ముప్పు నాలుగింతలు అని 2017లోనే లెక్క తేల్చారు. సూపర్ హీరోగా ప్రపంచమంతా చూసిన నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కి 39 ఏళ్లకి మూడో దశలో బయటపడింది, 43 ఏళ్లకి పోయాడు. అక్కడ లక్షణాలేమీ లేకపోయినా పరీక్ష మొదలుపెట్టాల్సిన వయసుని 2021లో 50 నుంచి 45కి దించారు.

మన దేశంలో మొత్తం మీద ఈ క్యాన్సర్ అమెరికాలో కంటే చాలా తక్కువ. కానీ వచ్చినవాళ్లలో చిన్న వయసువాళ్ల వాటా ఎక్కువ, పురీషనాళంలో వచ్చే వాటా కూడా ఎక్కువ. పురీషనాళమంటే పెద్దపేగు చివర జానెడుకి తక్కువైన భాగం. అందులో కింది సగం డాక్టరు వేలికి అందుతుంది. ప్రభుత్వం అందరికీ చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ ఇది లేదు. అంటే మనకి ముందుగా ఎవరూ కబురు పెట్టరు. ఒంట్లో కనపడే గుర్తులే కబురు.

రక్తం కనపడకుండానే పోవచ్చు కూడా. పెద్దపేగు కుడివైపు కణితి ఉంటే రక్తం మలంలో కలిసిపోయి కంటికి ఆనదు. మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ ఎనిమిదికి వస్తే ఐరన్ మాత్రలు రాసి పంపిస్తారు. ఆడపిల్లలైతే నెలసరి వల్లే అనుకుని ఇంకేమీ అడగరు. వయసులో ఉన్న మగవాడికి ఐరన్ తక్కువైందంటే మాత్రలు వేసుకుంటూనే, రక్తం ఎటు పోతోందో వెతకాలి.

ఎందుకు పెరుగుతోందని అందరూ అడుగుతారు. ఊబకాయం, మద్యం, సిగరెట్లు, గంటల తరబడి కూర్చునే పని, సాసేజ్, బేకన్ లాంటి నిలవ మాంసం ముప్పు పెంచుతాయి. కానీ నా పేషెంట్లలో సన్నగా, శాకాహారం తింటూ, సిగరెట్ ముట్టని వాళ్లూ ఉన్నారు. 2025లో 11 దేశాల పేషెంట్ల కణితుల జన్యువులు చదివిన ఒక పరిశోధన వచ్చింది. పేగుల్లో ఉండే కొన్ని ఈ-కోలై బ్యాక్టీరియా కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది జన్యువుల మీద వదిలిన మచ్చలు 40 ఏళ్లలోపు వాళ్ల కణితుల్లో ముసలివాళ్ల కణితుల్లో కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ కనిపించాయి. ఆ మచ్చలు బహుశా చిన్నతనంలోనే పడతాయని వాళ్ల అంచనా. అసలు కారణం అదేనని ఇంకా రుజువు కాలేదు. ఒక్క మైదాపిండి వల్లే వస్తోందని వాట్సాప్‌లో తేల్చేసేవాళ్లని చూస్తే నాకు అసూయగా ఉంటుంది, అంత నమ్మకం నాకెప్పుడూ కలగలేదు.

కొన్ని కుటుంబాల్లో మాత్రం కారణం తెలుసు. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో బట్టలు కుట్టే ఒకావిడ ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుతో, మా ఇంట్లో అందరూ పేగుల్లోనో గర్భసంచిలోనో క్యాన్సర్ వచ్చి పోతారు, నేనూ అలాగే పోతాను అందట. ఆరోగ్యంగా ఉన్న మనిషి. తర్వాత గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. ఆయన ఆ వంశవృక్షం రాసిపెట్టాడు, దశాబ్దాల తర్వాత హెన్రీ లించ్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. ఇప్పుడా వారసత్వాన్ని లించ్ సిండ్రోమ్ అంటాం. అందుకే చిన్న వయసులో వచ్చిన కణితికి ఆ గుణముందేమో పరీక్ష చేయిస్తాం.

మళ్లీ మన డ్రైవరు దగ్గరికి వద్దాం. కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం, బయాప్సీ, అంటే కణితి ముక్క తీసి పరీక్షించడం, స్కానులు అయ్యాయి. మూడో దశ. అతని మొదటి ప్రశ్న బతుకుతానా అని కాదు. "సంచి పెడతారంట కదా సార్, బండి నడపగలనా?" అని. రేడియేషన్, కీమో, తర్వాత ఆపరేషన్. రేడియేషన్‌కి ముందే వీర్యం భద్రపరచుకోమని చెప్పాం, ఇంకో బిడ్డ కావాలనుకుంటే పనికొస్తుందని. చాలాచోట్ల ఈ మాట చెప్పడం మరిచిపోతారు. మలం పోవడానికి పొట్ట మీద పెట్టిన సంచి కొన్ని నెలలే ఉంది, తర్వాత అది తీసేసి ఆ దారి మూసేశాం. ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్లింది. ఆంధ్రలో ఆ పథకానికి ఇప్పుడు పేరు మారినా జనం ఇంకా అలాగే అంటారు. ఇప్పుడు బండి నడుపుతున్నాడు. ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాడు.

అతనికొక తమ్ముడున్నాడు, 26 ఏళ్లు. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఇంత చిన్న వయసులో వస్తే, వాళ్లకి వచ్చిన వయసు కంటే పదేళ్ల ముందు నుంచే మిగతావాళ్లు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆ లెక్కన ఈ అబ్బాయికి అప్పటికే అయిదేళ్లు ఆలస్యం. నాలుగుసార్లు ఫోన్ చేయిస్తే వచ్చాడు. ముందు రోజు సాయంత్రం మందు పొడి రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని, పావుగంటకో గ్లాసు తాగాడు. ఉప్పుప్పగా ఉండే నీళ్లవి, నాలుగో గ్లాసు నుంచి గొంతు దిగదు. రాత్రంతా బాత్రూమ్‌కి తిరిగి, తెల్లారేసరికి నీళ్లలా వస్తోందని చెప్పాడు. పరీక్షంటే మత్తులో అరగంట, అంతే. అసలు కష్టం ఆ రాత్రిదే.

పేగు శుభ్రంగా ఉంది, ఒక్క బొడిపె కూడా లేదు. మత్తు దిగి కళ్లు తెరవగానే, "సార్, ఇడ్లీ తినొచ్చా?" అన్నాడు. తినమన్నాను. బయట బెంచీ మీద వాళ్లమ్మ అప్పటికే క్యారేజీ విప్పుతోంది.

నమస్కారం.