నాన్న నిజంగా బాగున్నారా? ఏం చూసి చెప్పాలి?

(బెంగళూరు స్టూడియో చర్చ నుంచి కొంత భాగం)

సంధానకర్త: మీ నాన్నగారు నర్సింగ్ హోంలో ఉంటున్నారు. నెలనెలా మీకు వచ్చే రిపోర్టులో ఏముంటుందండీ?

కొడుకు: బీపీ, షుగర్, బరువు, ఎప్పుడైనా పడ్డారా అన్నది. అన్నీ బాగానే ఉంటాయి. ఫోన్ చేస్తే మాత్రం రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. ఆ సంగతి అందులో ఉండదు.

డాక్టర్: ఆ కాగితం ఒంటి సంగతే చెబుతుంది. బార్తెల్ ఇండెక్స్ అని 1965 నుంచి ఒకటుంది. తినడం, స్నానం, మెట్లెక్కడం ఎవరి సాయం లేకుండా చేసుకోగలరా అని చూసి 100కి మార్కులు వేస్తారు. 100కి 100 వచ్చినాయన కూడా దిగులుతో ఉండొచ్చు. మనసుకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్లది డబ్ల్యూహెచ్ఓ-5 ఉంది. అయిదే వాక్యాలు. గత 2 వారాల్లో ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుగ్గా ఉన్నారా, లేచేసరికి హుషారుగా ఉంటోందా, రోజులో ఆసక్తిగా అనిపించేవి ఉన్నాయా అని. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి వస్తుంది. 50 గానీ అంతకు తక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో పరీక్షించాలి.

నర్సు: మేం అడిగితే అందరికీ మంచి మార్కులే వస్తాయి మేడమ్! రేపు పొద్దున మళ్లీ మేమే స్నానం చేయించాలి కదా, మా మొహం మీద ఎవరు చెప్తారు? ‘నీకేం తల్లీ, బాగానే చూస్తున్నావు’ అంటారు.

డాక్టర్: అందుకే బయటివాళ్లు అడగాలి. పక్కన పిల్లలు కూడా ఉండకూడదు.

కొడుకు: మతిమరుపు ఉన్నవాళ్ల బదులు మేం చెప్పొచ్చా?

డాక్టర్: చెప్పొచ్చు గానీ, పెద్దవాళ్లు తమకు తాము వేసుకునే మార్కుల కంటే పిల్లలు, సిబ్బంది వేసేవి సాధారణంగా తక్కువ ఉంటాయి. డిమెన్షియా మధ్య దశలో కూడా చాలామంది సొంతంగా జవాబివ్వగలరు. ముందు వాళ్లనే అడగండి.

సంధానకర్త: సరే, కొలిచారు. తర్వాత?

డాక్టర్: 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలో ఒక నర్సింగ్ హోంలో చిన్న అధ్యయనం చేశారు. ఒక అంతస్తు వాళ్లకు మొక్కలిచ్చి మీరే చూసుకోండి, సినిమా ఏ రోజు చూడాలో మీరే చెప్పండి అన్నారు. ఇంకో అంతస్తులో మొక్కలకు నర్సులే నీళ్లు పోశారు. 3 వారాలకు మొదటివాళ్లే హుషారుగా కనిపించారు.

నర్సు: మా దగ్గర స్నానాలు అయిదున్నరకే. ఏడింటికి షిఫ్టు మారుతుంది మరి.

సంధానకర్త: స్టాఫ్ చాలరంటారు కదా.

నర్సు: చాలరు, నిజమే. స్నానం ముందా కాఫీ ముందా అని అడగడానికి స్టాఫ్ ఎందుకండీ?

కొడుకు: నాన్నకి పొద్దున్నే తెలుగు పేపరుండాలి. అక్కడ ఇంగ్లీషు, కన్నడ పేపర్లే వస్తాయి.

డాక్టర్: మొదట స్కోరు తీయించండి. తర్వాత పేపరు వేయించండి. నెలకి మళ్లీ ఆ అయిదే అడిగించండి. 10 మార్కులు పెరిగితే అది లెక్కలోకి వచ్చే మార్పే.

కొడుకు: తగ్గితే?

డాక్టర్: పేపరు సంగతి తర్వాత, ముందు ఆయన్ని మా ఓపీకి తీసుకురండి.