‘ఇంట్లో ఎవరికైనా ఏమైనా ఉందా?’ అని అడగకండి

పీహెచ్‌సీల నుంచి వచ్చిన డాక్టర్లకి, ఏఎన్‌ఎంలకి, ఆశా కార్యకర్తలకి నమస్కారం.

పిల్లల ఓపీలో మనందరం అడిగే ప్రశ్న ఒకటుంది. “మీ ఇంట్లో ఎవరికైనా ఏమైనా జబ్బులున్నాయా అమ్మా?” జవాబూ మనకి తెలిసిందే: “ఏమీ లేవండి.” ఫ్యామిలీ హిస్టరీ దగ్గర ‘లేదు’ అని రాసేసి తర్వాతి బిడ్డని పిలుస్తాం. ఆ తల్లి అబద్ధమేమీ చెప్పలేదు. వెనక లైను తోసుకొస్తూ, పక్కన అత్తగారు నిలబడి ఉంటే, ఆ ప్రశ్నకి అంతకన్నా ఏం చెబుతుంది?

జబ్బుల పేర్లు పక్కన పెట్టి, ఒక్కొక్క మనిషి గురించి అడగండి. మూడేళ్ల బాబు అనుకుందాం. ఆడుకుంటూ చిన్నగా పడ్డాడు, మోకాలు బాగా వాచింది. “మీ వాళ్లలో హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉందా?” అంటే ఆవిడకి ఆ మాటే తెలీదు. “మీకు అన్నదమ్ములెంతమంది? అందరూ బాగున్నారా? పన్ను పీకించుకుంటే ఎవరికైనా రక్తం ఆగకుండా పోయిందా?” అనండి. “మా తమ్ముడికి అలాగే అయ్యేదండీ, చిన్నప్పుడే పోయాడు” అని అప్పుడు బయటికొస్తుంది. ఆ ఒక్క మాటతో మీరు చేసే పని మారిపోతుంది. మోకాల్లో సూది గుచ్చరు, కండకి ఇంజెక్షన్ ఇవ్వరు, రక్తం గడ్డకట్టే పరీక్షలకి పెద్దాసుపత్రికి పంపుతారు. ఇది తల్లి వైపు నుంచి కొడుకులకి వచ్చే జబ్బు కాబట్టి మేనమామల సంగతి అడగకుండా వదలొద్దు. అయితే ఈ పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. కాబట్టి హిస్టరీలో ఏమీ లేనంత మాత్రాన అనుమానం వదులుకోకండి.

ఇక మేనరికం. దీని గురించి అడిగేటప్పుడు మన గొంతులో మందలింపు ఉంటే “కాదండీ” అనేస్తారు. ఇదివరకే ఎవరో ఒకరి చేత తిట్లు తిని ఉంటారు కదా. “పెళ్లికి ముందు మీ ఆయన మీకేమవుతారు?” అంటే “మా బావేనండీ” అనో, “మా మేనమామే” అనో మామూలుగా చెప్పేస్తారు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో సగటున ఎనిమిదో వంతు జన్యువులకి రెండు కాపీలూ ఒకే పూర్వీకుల నుంచి వస్తాయి. బావామరదళ్లయితే పదహారో వంతు. అలాగని భయపెట్టక్కర్లేదు. పుట్టుకలోపాల రిస్కు మామూలుగా నూటికి 2, 3 ఉంటే, బావామరదళ్ల పిల్లల్లో ఇంకో 2, 3 కలుస్తుంది, అంతే. ఎక్కువమంది బాగానే పుడతారు. కానీ అదే జంటకి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారంటే లెక్క వేరు. ఆ సంగతి అత్తగారి ముందు అడగకండి. బిడ్డని బరువు తూచే వంకతో తల్లిని పక్కకి పిలవండి.

పాడేరు, అరకు వైపు పనిచేసేవాళ్లకి సికిల్ సెల్ గురించి, అంటే ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారిపోయే వంశపారంపర్య జబ్బు గురించి, నేను చెప్పేదేముంది. 2023 జూలై 1న కేంద్రం ఈ జబ్బు నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు జరుగుతున్నాయి. అయినా ఏడాది నిండని బిడ్డ చేతులు, పాదాలు వాచి ఏడుస్తుంటే “ముందు పిల్లల్లో ఎవరికైనా రక్తం ఎక్కించారా?” అని అడగండి. తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకి జబ్బు లేకపోయినా దాని జన్యువు ఒకటి ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. “ఒకరికి వచ్చేసిందిగా, మిగతా ముగ్గురికీ రాదు” అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రతి కాన్పులోనూ అదే అవకాశమని ఎన్నిసార్లు చెప్పాల్సొచ్చినా విసుక్కోకండి.

టీబీకి జన్యువులతో పని లేదు, కానీ ఇదీ హిస్టరీలోనే అడగాలి. “రాత్రి బాబు ఎవరి పక్కన పడుకుంటాడు?” తాత పక్కన, ఆ తాతకి నెల రోజులుగా దగ్గు అంటే ముందు తాతకి కఫం పరీక్ష చేయించాలి. టీబీ అని తేలితే అయిదేళ్లలోపు బిడ్డకి జబ్బు లేదని చూసుకుని నివారణ మందు మొదలుపెట్టాలి.

ఒక్కరోజులో అన్నీ అడగలేం, నిజమే. టీకాలకి ఎన్నోసార్లు వస్తారు కదా, వచ్చినప్పుడల్లా కొంత రాబట్టండి. తండ్రి వైపు సంగతులు నాయనమ్మకే ఎక్కువ తెలుస్తాయి. ఆవిడ వచ్చిన రోజు వదలకండి.

ఇప్పుడు మీ ముందున్న తెల్లకాగితం తీసుకోండి. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం, జబ్బున్నవాళ్లకి లోపల నలుపు, మేనరికమైతే ఇద్దరి మధ్య రెండు గీతలు. మీ సొంత కుటుంబాన్నే మూడు తరాలు గీయండి. పది నిమిషాలు చాలు, తర్వాత టీ.