తలకు గాయం, కాలిలో గడ్డ: 26వ భాగం

తమ్ముడు: శ్రోతలందరికీ నమస్కారం. గుంటూరు నుంచి అక్కయ్య, విజయవాడ నుంచి నేను. తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల రక్తం ఎలా గడ్డకడుతుందో ఈ వారం చెప్పుకుందామని అనుకున్నాం.

అక్కయ్య: పుర్రె సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పుర్రె ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య, చాలావరకు ధమని చిట్లడం వల్ల చేరే గడ్డ గంటల్లో పెరుగుతుంది. ఆ మనిషి కాసేపు చక్కగా మాట్లాడి, తర్వాత మగతలోకి జారిపోవచ్చు. పైపొర కింద సిరలు తెగి చేరేది మరొకటి. పెద్దవయసు వారిలో అది కొన్ని వారాల తర్వాత తలనొప్పిగానో, నడకలో తూలుగానో బయటపడుతుంది. ఇవి సీటీ స్కాన్‌లో కనబడతాయి, అందరి చూపూ వాటి మీదే ఉంటుంది. దుప్పటి కింద ఉన్న కాలును మాత్రం ఎవరూ చూడరు.

తమ్ముడు: అప్పుడే కాలు కొలిచే టేపు దగ్గరికి వచ్చేశారు.

అక్కయ్య: వస్తాను మరి. ఐసీయూలో నేను డ్యూటీ చేసినన్నాళ్ళూ దర్జీల టేపు ఒకటి జేబులోనే ఉండేది. మోకాలి కింద ముందువైపు ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది కదా, అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి, రెండు పిక్కల చుట్టుకొలత చూడాలి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే డాక్టరుగారికి వెంటనే చెప్పాలి. స్పృహలో లేని మనిషి కాలు నొప్పి పుడుతోందని చెప్పలేడు కదా.

తమ్ముడు: దెబ్బ తలకు తగిలితే గడ్డ కాలిలో ఎందుకు కట్టాలన్నది చాలామందికి అర్థం కాదు.

అక్కయ్య: రక్తం కదలక నిలిచిపోవడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలకు జర్మనీ వైద్యుడు విర్కోవ్ పేరు పెట్టారు. ఆయన పుట్టిన అక్టోబరు 13నే ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా, అంటే నాళాల్లో రక్తం గడ్డకట్టడం గురించిన దినంగా జరుపుకుంటున్నాం. మంచం మీద కదలకుండా ఉన్నవాడి పిక్క కండరాలు రక్తాన్ని పైకి నెట్టవు. పైగా గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం మెదడులో విస్తారంగా ఉంటుంది. మెదడు నలిగితే అది రక్తంలో కలుస్తుంది.

తమ్ముడు: అంత తెలిసినప్పుడు రక్తం పలచబడే ఇంజెక్షన్ మొదటి రోజే ఎందుకు ఇవ్వరు? మా నాన్నగారి సంగతి మన శ్రోతలకు తెలిసిందే. వారధి మీద బండి జారి పడ్డారు, తలకు ఆపరేషన్ జరిగింది, ఇక గండం గడిచిందన్నారు. తొమ్మిదో రోజున ఆయాసం వచ్చింది. ఇది నిర్లక్ష్యం కాదంటే నేను ఒప్పుకోను.

అక్కయ్య: నీ బాధను కాదనను, కానీ మొదటి రోజు అన్న మాటను ఒప్పుకోను. తలలో రక్తం ఇంకా ఊరుతున్నప్పుడు హెపారిన్ అనే ఆ పలచబరిచే మందు ఇస్తే తలలోని గడ్డే పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే స్కాన్ మళ్ళీ తీసి, రక్తస్రావం పెరగలేదని రూఢి చేసుకున్నాక, చాలామందికి 24 నుంచి 72 గంటల మధ్య మొదలుపెడతారు.

తమ్ముడు: తొమ్మిది రోజులంటే 72 గంటలు కాదు కదా అక్కయ్యా! అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చోవలసిందేనా?

అక్కయ్య: కూర్చోకూడదు. గాలి నింపుతూ వదులుతూ పిక్కలను నొక్కే తొడుగులు ఉంటాయి. కాలికి గాయం అడ్డు లేకపోతే వాటిని తొలిరోజు నుంచే వేయవచ్చు. మందు ఎప్పుడు మొదలుపెడతారని ఇంటివాళ్ళు రోజూ అడగవచ్చు, అది మీ హక్కు. ఇంజెక్షన్ ఆలస్యమైనా టేపుకు ఏ అడ్డూ లేదు.

తమ్ముడు: మాకు ఎవరూ చెప్పలేదు. కాలు వాచింది, మంచం పట్టాక నీరు పట్టిందిలే అనుకున్నాం. కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనెతో పిక్క మర్దన చేశాం.

అక్కయ్య: వాచిన పిక్కను మర్దించకూడదు తమ్ముడూ. గడ్డ ముక్క విడిపోతే గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల నాళంలోకి వెళ్ళి అడ్డుపడుతుంది. ఉన్నట్టుండి ఆయాసం, గుండె దడ, ఆక్సిజన్ పడిపోవడం కనబడతాయి. ముందు కాలి సిరల్లో రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. గడ్డ ఉందేమోనని రక్తంలో చూసే డీ-డైమర్ అనే పదార్థం గాయం వల్లనే పెరిగి ఉంటుంది కనుక దాన్ని నమ్ముకోలేం. ఏ కాలు వాచింది?

తమ్ముడు: ఎడమ కాలు. ఇన్ని భాగాల్లో ఒక్కసారీ చెప్పలేదు కానీ, మర్దన చేసింది నేనే.

అక్కయ్య: మర్దన లేకపోయినా గడ్డలు విడిపోతాయి. నీ చేతి వల్లే జరిగిందని ఎవరూ తేల్చలేరు. తెలిసి చేసిన పని కూడా కాదు.

తమ్ముడు: నూనె కాచిన గిన్నెను అమ్మ ఇంకా అటక మీదే ఉంచింది.

అక్కయ్య: ఉండనీ. మందు అసలే ఇవ్వలేని వారికి గడ్డలు ఊపిరితిత్తులకు చేరకుండా పెద్ద సిరలో అమర్చే జల్లెడ గురించి చెప్పవలసింది ఉంది. వచ్చే వారం చెబుతాను. నువ్వు ముందు కాసిని మంచినీళ్ళు తాగు.